ఫిరంగులు వెనక ఉంటే ఫార్వర్డ్ అబ్జర్వర్ ముందెందుకు?

ఫిరంగులు వెనకెక్కడో ఉంటే, ఆర్టిలరీ (ఫిరంగి దళం) మనిషి ఒకరు కాల్బలంతో పాటు ముందు వరుసలో ఎందుకుంటారు? ఫిరంగి పేల్చేవాళ్లకు లక్ష్యం కనపడదు కాబట్టి. వాళ్లు చాలాసార్లు 10 కిలోమీటర్లకు పైగా వెనక, ఏ కొండ చాటునో ఉంటారు. వాళ్ల తరఫున చూసేది ఫార్వర్డ్ అబ్జర్వరే.

మ్యాపు, దిక్సూచి, బైనాక్యులర్స్‌తో (ఇప్పుడైతే లేజర్ రేంజ్‌ఫైండర్, డ్రోన్ కూడా) శత్రువు ఎక్కడున్నాడో తేల్చి రేడియోలో చెబుతారు. దాన్నిబట్టి ఫిరంగిని ఏ దిశలో, ఎంత కోణంలో పెట్టాలో వెనక ఉన్నవాళ్లు లెక్క కడతారు. మొదటి షెల్ సరిగ్గా తగలడం అరుదు. గాలి, ఉష్ణోగ్రత, గొట్టం అరుగుదల అన్నీ తేడా తెస్తాయి. అందుకే అది పడిన చోటు చూసి "200 మీటర్లు ముందుకు, 50 ఎడమకు" అని సరిదిద్దుతారు. ఒకటి లక్ష్యం దాటి, ఇంకోటి ఇవతల పడితే మంచిదే. ఆ మధ్య దూరాన్ని సగానికి సగం తగ్గిస్తూ వస్తారు. గురి కుదిరాక బ్యాటరీలోని (కలిసి పనిచేసే ఫిరంగుల జట్టు) ఫిరంగులన్నీ కలిసి పేలుతాయి.

అసలు టెన్షన్ లక్ష్యానికి దగ్గర్లో సొంత సైనికులు ఉన్నప్పుడే. అమెరికా సైన్యంలో లక్ష్యానికీ సొంత సైనికులకూ మధ్య దూరం 600 మీటర్ల లోపైతే "డేంజర్ క్లోజ్" అని ముందే హెచ్చరించాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ పని ఎక్కువగా టెలిఫోన్ తీగల మీదే నడిచింది. షెల్లింగ్‌లో తీగలు తెగితే వార్తాహరులు, సిగ్నల్ రాకెట్లే గతి. రెండో ప్రపంచ యుద్ధానికి రేడియోలు వచ్చాయి. అయినా అబ్జర్వర్ దొరికితే ఫిరంగులు గుడ్డివైపోతాయని శత్రువుకూ తెలుసు, ముందు ఆయన కోసమే వెతుకుతారు.