ఏ రాయి ముందు, ఏ రాయి తర్వాత: చీమకుర్తి యార్డులో చూసింది

అడుగు పొర పాతది, పై పొర కొత్తది అంటారు సరే, అసలు పొరలే లేని రాళ్లలో ఏది ముందు పుట్టిందో జియాలజిస్టులు ఎలా చెబుతారని అడిగారు.

ఆ పొరల సూత్రాన్ని మన బడి పుస్తకాలు పట్టుకుంటే వదలవు. 1669లో స్టెనో అనే శాస్త్రవేత్త చెప్పింది నిజమే. నీటి అడుగున ఇసుకో బురదో పేరుకుంటే కిందిదే ముందు. కానీ మా ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో అదొక్కటే పట్టుకుని తిరిగితే తంటానే. వెలికొండల తూర్పు అంచున పాత నెల్లూరు షిస్టు రాళ్లు (వేడికీ ఒత్తిడికీ మారిపోయి రేకులు తేలిన రాళ్లు) నెట్టుకొచ్చి, తమకంటే వయసులో చిన్నవైన కడప రాళ్ల మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఇక మార్కాపురం పలక. రేకులు రేకులుగా విడిపోతుంది కాబట్టి ఒక్కో రేకూ ఒక్కో పొర అనుకుంటారు. బురద పేరుకున్నది ఎప్పుడో. రేకులుగా విడిపోయే గుణం తర్వాతెప్పుడో ఒత్తిడి పడ్డప్పుడు వచ్చింది. రెండూ ఒకే దిశలో ఉండాలన్న రూలేం లేదు.

నన్నడిగితే చూడాల్సింది ఎవరు ఎవర్ని కోశారని. గోడ కట్టకముందే దానికి బీట పడదు కదా. వయసులో కోసింది చిన్నది, కోయించుకున్నది పెద్దది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో కొన్నాళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. బంగారు చుక్కల నల్లరాయి. శాస్త్రం ప్రకారం అది గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే రాతి జాతి, అదీ భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడిందే. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. గ్రానైట్ అన్న పేరుతోనే దేశదేశాలకు అమ్మేశాం, ఇప్పుడు మార్చమంటే వినేదెవరు?

ఒకరోజు కొనేవాళ్ల మనిషి వచ్చి ఒక పెద్ద బ్లాకు మీద నీళ్లు కొట్టించాడు. తడిస్తే దాగేది ఉండదు. మధ్యలో వేరే రాయి ముక్క ఒకటి, జానెడుంటుంది, బూడిద రంగు. ఒక తెల్ల గీత నల్లరాయినీ ఆ ముక్కనూ రెంటినీ కోసుకుంటూ వెళ్లింది. చివర్లో సన్నని పగులు దగ్గర ఆ గీత తెగి రెండు వేళ్లంత పక్కకు జరిగింది. "ఇదేందన్నా, అన్ని రోగాలూ దీనికే ఉన్నాయి" అని రిజెక్ట్ కొట్టి వెళ్లిపోయాడు. ఓనరు ముఖం మాడిపోయింది.

ఆ మధ్యాహ్నమే కాలేజీ పిల్లల్ని తీసుకుని ఒక జియాలజీ మేడమ్ వచ్చారు. మంచి బ్లాకుల వైపు చూడను కూడా చూడలేదు. రిజెక్ట్ బ్లాకు దగ్గర నిలబడి "ఒక్కొక్కరూ వరస చెప్పండ్రా" అన్నారు. పిల్లలు కాసేపు కొట్టుకున్నారు. ఒకడు గీతే అన్నిటికంటే పాతదన్నాడు, ఎందుకంటే తెల్లగా ఉందట! చివరికి ఆవిడే విప్పారు. వయసులో ముక్క అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే కరిగిన నల్లరాయి దాన్ని మింగే నాటికే అది గట్టిపడి ఉండాలి. తర్వాత నల్లరాయి. ఆ రెంటినీ కోసింది కాబట్టి గీత వాటి తర్వాత. గీతనే జరిపింది కాబట్టి పగులు ఆఖరుది. నాలుగు సంగతులు, ఒక్క బ్లాకు, ఒక్క మిషనూ అక్కర్లేదు. ఎన్ని కోట్ల ఏళ్లన్నది కావాలంటే ల్యాబుకు పంపాలి, అది వేరే పని.

1785లో స్కాట్లండ్‌లో జేమ్స్ హటన్ అనే జియాలజిస్టు చేసిందీ ఇదే. గ్లెన్ టిల్ట్ అనే లోయలో ఎర్ర గ్రానైట్ తీగలు షిస్టులోకి చొచ్చుకుపోవడం చూసి ఆయన పట్టలేని సంతోషంతో అరిస్తే, వెంట వచ్చిన వాళ్లు వెండో బంగారమో దొరికిందనుకున్నారట. ఆయన అంత దూరం వెళ్లి చూసింది మనకు సైదాపురం మైకా గనుల్లో దొరుకుతుంది. అక్కడ మైకా ఉండే పెగ్మటైట్ (పెద్ద పెద్ద స్ఫటికాలుండే రాయి) షిస్టును కోసుకుని వచ్చిందే, అంటే షిస్టు తర్వాతదే. నెల్లూరు మైకా అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లలో ఈ ముక్క ఎంతమందికి తెలుసు? ఏ టెక్స్ట్‌బుక్కులోనూ నాకు కనబడలేదు. ఎక్కడో అమెరికా లోయ ఫొటో మాత్రం అన్నిట్లో ఉంటుంది.

శిలాజాలు చూసి చెప్పరా అంటారేమో. చెబుతారు, వేమవరం షేల్‌లో, అంటే బురద గట్టిపడ్డ రాయిలో, ఆకుల ముద్రలు దొరుకుతాయి, అక్కడ పనికొస్తుంది. నల్లరాయిలో ఆకులెక్కడివి?

ఇంకో బాధ. గీత పడ్డ బ్లాకులన్నీ వేస్ట్ గుట్టల్లో పడున్నాయి. రోడ్డు పొడవునా దుమ్ము, వాన పడితే బురద, లారీల గోల. ఆ గుట్టల్ని ఏం చేయాలో ఎవరికీ పట్టదు. జియాలజీ చదివే పిల్లలకు మాత్రం వాటికి మించిన ల్యాబు లేదు. వెళ్లాలనుకుంటే క్వారీ వాళ్లను ముందే అడిగి, బ్లాస్టింగ్ లేని టైం కనుక్కుని వెళ్లండి. గట్టి బూట్లు, ఒక నీళ్ల బాటిల్ తప్పనిసరి. తాగడానికి ఇంకోటి పెట్టుకోండి, మొదటిది రాళ్ల మీద పోయడానికే అయిపోతుంది.