ఏ కంపెనీ నట్టల మందు అని అడిగే ముందు గొర్రె కన్ను చూడండి

కల్వకుర్తి దిక్కు అన్న ఒకాయన అడిగారు: ఏడాదికి మూడుసార్లు మందకంతా నట్టల (కడుపులో పురుగుల) మందు తాపుతున్నాం, అయినా వానలు పడ్డాక గొర్రెపిల్లలు దవడ కింద నీరు దిగి చనిపోతున్నాయి, ఏ కంపెనీ మందు మంచిది అని.

అన్నా, కంపెనీ మారిస్తే ఈ చావులు ఆగవు. మాది దేవరకొండ దిక్కు కురుమ ఇల్లు. పుట్టినప్పటి నుంచి గొర్ల మధ్యనే ఉన్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా. మన మందల్లో మందు పనిచేయకపోవడానికి సగం కారణం మనం తాపే పద్ధతి.

మా చిన్నాయన మందలో జరిగింది చెప్తాను. శ్రావణమాసం, వదలని ముసురు. చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, గడ్డి పచ్చగా లేచింది, మంద రోజూ అక్కడే. కొన్నాళ్లకు పిల్లలు నడవలేక వెనకబడటం మొదలైంది. సాయంత్రం దొడ్డికి చేరేసరికి దవడ కింద నీటి తిత్తి వేలాడేది, తెల్లారేసరికి తగ్గేది. పొద్దంతా తల వంచి మేస్తే ఆ నీరు కిందికి దిగుతుంది, రాత్రి పడుకుంటే సర్దుకుంటుంది. పొద్దున చూసినవాళ్లు బాగానే ఉన్నాయనుకున్నారు, సాయంత్రం చూసినవాళ్లు గొంతువాపు అని సూదులు వేయించారు. చావులు ఆగలేదు.

అప్పుడు రిటైరైన పశువుల డాక్టర్ సాబ్ ఒకాయన వచ్చి, అప్పుడే చనిపోయిన పిల్లను కోయించాడు. నాలుగో కడుపు చీల్చి చూపించాడు. కుట్టుదారం మందాన, ఎరుపు తెలుపు మెలితిరిగిన నట్టలు, వేడి తగ్గని కడుపులో ఇంకా కదులుతున్నాయి. చిన్నాయన ముఖం మాడిపోయింది.

"ఇదేంది సాబ్, మొన్ననే మందు తాపితిమి గదా!"

"ఎంత తాపిన్రు?"

"అందరు తాపినంతే. షాపాయన చెప్పిండు, జీవానికి ఒక మూత."

డాక్టర్ సాబ్ మాట్లాడకుండా పత్తి తూచే కాంటా తెప్పించాడు. గోనెసంచిలో ఒక తల్లి గొర్రెను కట్టి వేలాడదీస్తే 32 కిలోలు తూగింది. చేతిలో ఉన్న నట్టల మందు 2.5 శాతం ఆల్బెండజోల్, అంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. గొర్రెకు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన దానికి 9 మిల్లీలీటర్ల పైనే పడాలి. మూతలో పట్టేది 5. ఆ 5 మిల్లీలీటర్లు 17 కిలోల జీవానికి కూడా సరిపోవు. సగం మందుకు బలహీనమైన నట్టలు చస్తాయి, మొండివి మిగిలి గుడ్లు పెడతాయి. ఒక్కో ఆడ నట్ట రోజుకు 5 వేల నుంచి 10 వేల గుడ్లు పెడుతుంది. పత్తికి ఒకటే మందు కొట్టి కొట్టి పురుగును ముదరబెట్టుకున్నట్టే ఇదీ.

ఒక్కో నట్ట రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వినడానికి చిన్నదే. కడుపులో వెయ్యి ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టు. పది కిలోల పిల్ల ఒంట్లో రక్తమే లీటరు ఉండదు.

తర్వాత ఆయన ఒక్కో జీవాన్ని పట్టించి కంటి కింది రెప్ప లాగి చూశాడు. లోపల ఎర్రగా ఉన్నవాటిని వదిలేశాడు, పాలిపోయినవాటిని పక్కకు తీయించాడు. రెప్ప రంగును పోల్చి చూడటానికి దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా అనే కార్డు ఉంది, ఐదు రంగులు, ఒకటి ఎర్రనిది, ఐదు బాగా పాలిపోయినది. ఒకటి, రెండు అయితే మందు అక్కర్లేదు. నాలుగు, ఐదు అయితే వెంటనే తాపాలి. మూడు అయితే పిల్లలకు, చూలు గొర్రెలకు, బక్కవాటికి తాపడమే మంచిది. "ఇచ్చేటిది అన్నిటికి ఇస్తే పోలే?" అని చిన్నాయన గట్టిగానే అడిగాడు. మందు తగలని జీవాల్లో మందుకు చచ్చే నట్టలు బతికి ఉంటాయి, మొండివాటితో కలిసి వాటి బలం తగ్గిస్తాయి, అందుకే అన్నిటికీ తాపొద్దు అని డాక్టర్ సాబ్ చెప్పాడు. పాలిపోయినవాటికి బరువు తూచి క్లోసాంటెల్ అనే వేరే నట్టల మందు తాపించాడు. బాగా నీరసించిన పిల్లలు కొన్ని దక్కలేదు. మిగతావాటి దవడ వాపు మెల్లగా దిగింది. అన్నా, ఆ క్లోసాంటెల్ మాత్రం అందాజాగా తాపొద్దు, ఎక్కువైతే జీవాల కళ్లు పోతాయి.

ఇక నా కడుపుమంట. 2017లో గొర్రెల పంపిణీ పథకం కింద యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు వచ్చాయి, 75 శాతం సబ్సిడీ. మంచిదే. కానీ లారీ దిగిన జీవాలను దిగినట్టే పాత మందలో కలిపినవాళ్లను చూశాను. ఎక్కడి నట్టలు, ఏ మందులకు అలవాటుపడ్డాయో ఎవరికి తెలుసు? కొత్త జీవాలను కొన్నాళ్లు వేరే దొడ్డిలో ఉంచాలి, పేడ పరీక్ష చేయించాలి, ఆ తర్వాతే కలపాలి.

ఇంకొకటి, ఊరి జీవాలు మేసే బంచరాయి భూములు ఎక్కడున్నాయి ఇప్పుడు? హైదరాబాద్ రోడ్డు పొంటి అంతా ప్లాట్లు, హద్దురాళ్లు. మందకు మిగిలింది చెరువు శిఖం, కాలువ గట్టు. పెంటికలతో పడిన గుడ్లు తేమకు వారం పది రోజుల్లో పిల్లలై గడ్డి మీదికి ఎక్కుతాయి, మన గొర్రె మళ్లీ అక్కడే మేస్తుంది. మందు ఎంత మంచిదైతే ఏం లాభం? మేత భూమి లేకుండా చేసి నట్టల మందు ఉచితంగా ఇస్తే గొర్రెల కాపరి బాగుపడతాడా? దీన్ని ఎవరూ పట్టించుకోరని నాకు నిజంగా కోపం.

మీ మంద సాగర్ ఎడమ కాలువ కింద వరి కొయ్యల్లో మేసి వచ్చి ఉంటే జలగ, అంటే కాలేయంలో చేరే పురుగు, కూడా ఉండొచ్చు. నత్తల వల్ల వచ్చే ఆ జబ్బులో కూడా దవడ కింద నీరు దిగుతుంది, రెప్ప కూడా పాలిపోతుంది. ఆల్బెండజోల్ ముదురు జలగలనే చంపుతుంది, లేతవాటిని వదిలేస్తుంది. కాబట్టి ఐదారు జీవాల పేడ తాజాగా తీసి పశువుల దవాఖానకు పట్టుకుపోండి. నట్టల గుడ్లతో పాటు జలగ గుడ్లు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి, రెండింటి పరీక్ష వేరు.

చూలు కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ తాపొద్దు, పిల్ల అవకరంతో పుట్టే ప్రమాదం ఉంది. మేకలుంటే గొర్రె మోతాదు వాటికి చాలదు, ఎంతో డాక్టర్‌ను అడగండి. తాపేటప్పుడు తల మరీ పైకెత్తకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ జీవం దక్కదు. రేపు మంద దొడ్డి దాటక ముందే రెప్పలు చూడండి. ఎన్ని పాలిపోయాయో, ఇన్నాళ్లు ఏ మందు ఎంత తాపారో ఇక్కడే రాయండి, లెక్క కలిసి చూద్దాం.