పునీతుల పుస్తకాలు ఎక్కడ తెరవాలి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని, పొద్దున పూజ నుంచి వచ్చి కాఫీ తాగి నింపాదిగా రాస్తున్నాను. నైట్ షిఫ్ట్ చేసి రుషికొండ నుంచి ఇంటికొచ్చి జపమాల పట్టుకుంటే సగంలోనే నిద్ర ముంచుకొస్తోందని, పునీతుల పుస్తకాలు నాలుగు కొన్నా ఏదీ పది పేజీలు దాటలేదని, "వాళ్లకీ నాకూ ఎక్కడ పోలిక పెద్దమ్మా" అని రాశావు. చదివి బాధేసింది. మనం చిన్నప్పటి నుంచి వాళ్లను పూలదండల మధ్య స్వరూపాలుగానే చూశాం, ఉపదేశంలో విన్నవీ అద్భుతాలే, మరి పోలిక ఎలా కనిపిస్తుంది? వాళ్లు ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఆ పేజీ వెతికి అక్కడ తెరువు.

నీ నిద్ర సంగతే తీసుకో. చిన్న తెరేసమ్మ 15 ఏళ్లకే కార్మెల్ అనే సిస్టర్ల మఠంలో చేరింది, 1897లో టీబీతో పోయేనాటికి 24 ఏళ్లు. ప్రార్థన వేళల్లో ఏళ్ల తరబడి తనకు నిద్ర పట్టేసేదని ఆమే రాసుకుంది. దానికి కుమిలిపోలేదు, పిల్లలు మెలకువగా ఉన్నా నిద్రపోతున్నా అమ్మానాన్నలకు ముద్దేగా అని ధైర్యం తెచ్చుకుంది. ఆమెను 1997లో తిరుసభ వేదపండితుల్లో, అంటే విశ్వాసం నేర్పే గొప్ప గురువుల్లో, ఒకరిగా ప్రకటించింది. నువ్వేమో షిఫ్ట్ చేసొచ్చి కునికినందుకు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పాలా అని అడుగుతున్నావు!

నాకు ఆమె దగ్గరైంది వేరే దారిలో. మీ పెదనాన్న వాళ్లమ్మ నాలుగేళ్లు మంచం మీద ఉండటం నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి నువ్వు బాగా చిన్నదానివి. నీళ్లు వేడిగా ఉంటే కాల్చేశావనేది, చల్లారిస్తే జలుబు చేయిస్తున్నావనేది, జావలో ఉప్పు ఎప్పుడూ తేడాయే. ఒకరోజు గిన్నె ఆవిడ ముందు విసురుగా పెట్టేసి పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆ వారమే తెరేసమ్మ ఆత్మకథలో ఒక చోట ఆగిపోయాను. మఠంలో నడవలేని ఒక ముసలి సిస్టర్‌ను ఆమె రోజూ సాయంత్రం గుడిలోంచి భోజనాల గదికి చేయి పట్టి తీసుకెళ్లేది. కాస్త వేగంగా నడిస్తే పడేస్తావంటూ, మెల్లగా నడిస్తే చేయి వదిలేశావంటూ ఆ సిస్టర్ కేకలేసేది, నన్ను నడిపించడానికి నీ వయసు చాలదనేది. తెరేసమ్మ ఆమెను కూర్చోబెట్టి, చేతి కీళ్లు వంగక రొట్టె కోసుకోలేకపోతోందని గమనించి, అడగకముందే కోసిపెట్టి, వెళ్లే ముందు నిండుగా ఒక నవ్వు నవ్వేది. అంతే. ఆ పేజీ మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు జావ ఇచ్చి నవ్వడానికి ప్రయత్నించాను, రాలేదు. మూడో రోజో నాలుగో రోజో వచ్చింది. అత్తగారు చివరిదాకా మారలేదు తల్లీ, నేనే కొంచెం మారాను. చదివినదాన్ని అదే రోజు ఇంట్లో ఒక్క మనిషి దగ్గర చేసి చూడమని చెప్పేది అందుకే, లేకపోతే ఎన్ని చదివినా కథలుగానే మిగిలిపోతాయి.

అగస్టీను గారు తన బతుకు గురించి రాసుకున్న కన్ఫెషన్స్ ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టి వదిలేశానన్నావు. చాలామంది అక్కడే వదిలేస్తారు. అందులో 13 భాగాలుంటాయి, నువ్వు 8వ భాగం తెరువు. దేవుడు కావాలి, పాత బతుకూ కావాలి, నన్ను మార్చు ప్రభువా కానీ ఇప్పుడే వద్దు అని కుర్రతనంలో ప్రార్థించిన మనిషి, 386లో మిలాన్‌లో ఒక తోటలో, పక్కింట్లోంచి "తీసుకుని చదువు" అని పిల్ల గొంతు వినిపిస్తే పౌలు లేఖ తీసి రోమీయులకు 13వ అధ్యాయంలో కంటబడిన మాటలు చదువుతాడు, మనసు మారేది అక్కడే. తర్వాత 9వ భాగంలో తల్లి మోనికమ్మ మరణం ఉంటుంది. నా దేహాన్ని ఎక్కడైనా పాతిపెట్టండి, ప్రభువు పీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అంటుంది ఆవిడ. చనిపోయినవాళ్లను తలుచుకునే నవంబరు 2న మన వాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తి పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మాటే. చివరి మూడు భాగాలు ఇప్పుడే వద్దు, బరువుగా ఉంటాయి.

మీ అత్తగారు సీఎస్ఐ వాళ్లు, అంటే ప్రొటెస్టంట్లు, పునీతులంటే ఆవిడకు మనసు ఒప్పకపోతే వాదించకు. ఇద్దరూ కలిసి యాత్రికుని ప్రయాణము చదవండి. 1678లో వచ్చిన పుస్తకం, రాసిన బన్యన్ గారు అనుమతి లేకుండా బోధించినందుకు 12 ఏళ్లు జైల్లో ఉన్నాడు. మొదట్లోనే యాత్రికుడు నిరాశ ఊబిలో కూరుకుపోతాడు, చేయి అందించినవాడు ఊబిలోనే మెట్లున్నాయి కదా, చూడలేదా అంటాడు. నీకు ఇప్పుడు పనికొచ్చే పేజీ అదే. ఆవిడ పాడే పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలూ వింటూ ఉండు, నాకూ చాలా ఇష్టం.

ఎవరిని చదివినా సువార్త పక్కన ఉండాలి, పునీతులు నడిచిందీ దాని వెంటే. తెలుగులో అది మన చేతికి రావడానికి మన ఊళ్లోనే ఇద్దరు ప్రాణాలు ధారపోశారని నీకు తెలుసా? 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో అనువాదానికి కూర్చున్నారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో, ఇద్దరూ కళ్లారా చూడలేదు.

ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. వాళ్ల ఉపవాసాలు చదివి నువ్వు షిఫ్ట్‌లో తిండి మానేయకు. అస్సీసీ ఫ్రాన్సిసు గారే చివరి రోజుల్లో తన శరీరాన్ని మరీ కష్టపెట్టానని ఒప్పుకున్నారు. అలాంటిది ఏది చేయాలనిపించినా ముందు ఫాదర్‌ని అడుగు.

అగస్టీను గారిది ఒక్కటి ఉంచుకుని, కొన్నవాటిలో మిగతా మూడు పుస్తకాలూ బీరువాలో పెట్టెయ్. ఈ ఆదివారం పూజ అయ్యాక అటునుంచి అటే జ్ఞానాపురం వచ్చెయ్, నా తెరేసమ్మ పుస్తకం ఇస్తాను. రొట్టె కోసిచ్చే పేజీలో పెన్సిల్‌తో గీత పెట్టి ఉంటుంది. చేపల పులుసు చేస్తాను, అల్లుడిని కూడా తీసుకురా.

మీ పెద్దమ్మ