ఆదిత్య-ఎల్1 సూర్యుడి వైపు 1 శాతం దూరమే వెళ్ళింది కదా, ఏం లాభం?

సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే మన ఇస్రో పంపిన ఆదిత్య వ్యోమనౌక భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది, అంత దూరం నుంచి ఏం కనబడుతుంది అని అడిగారు. మా పర్లాకిమిడి పిల్లలు కూడా ఇదే అడుగుతారు. దాన్ని పంపింది దగ్గరికి వెళ్ళడానికి కాదండీ, ఎడతెగకుండా చూడటానికి.

నేను ఇక్కడ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి పాఠం రెండు భాషల్లోనూ నడుస్తుంది. చిన్న టెలిస్కోప్‌ని ఎండలో స్టాండు మీద పెట్టి, వెనక తెల్ల అట్ట పట్టుకుంటే సూర్యబింబం దాని మీద పడుతుంది. (కన్ను పెట్టి లోపలికి చూడటానికి మాత్రం ఎవరినీ, ఒక్క క్షణం కూడా ఒప్పుకోకూడదు. చూపు పోతుంది.) బింబం మీది నల్లమచ్చల్ని పిల్లలు కాగితం మీద గీస్తారు. 2024 మే నెలలో వచ్చిన మచ్చల గుంపు భూమికి దాదాపు 15 రెట్లు వెడల్పు ఉంది. గ్రహణం కళ్ళద్దాలతోనే కనబడింది. సెలవులైనా పిల్లలు మా ఇంటికొచ్చి మరీ చూశారు.

అయితే ఆ కాగితాల వరసలో ఖాళీలే ఎక్కువ. రాత్రి, మబ్బు, ఆదివారం. వానాకాలం మహేంద్రగిరి వైపు మబ్బు కమ్మిందంటే వారాల తరబడి ఏమీ ఉండదు. సోమవారం చిన్నగా ఉన్న మచ్చ గురువారానికి ఇంత పెద్దదెలా అయిందని పిల్లలు అడిగితే నా దగ్గర బొమ్మ లేదు. అసలు సంగతంతా ఆ మధ్యలోనే ఉంటుంది. మచ్చలంటే అయస్కాంత క్షేత్రం విపరీతంగా బలంగా ఉన్న చోట్లు. ఆ బలం కింది నుంచి వచ్చే వేడిని అడ్డుకుంటుంది. చుట్టూ 5,500 డిగ్రీలుంటే అక్కడ 4,000 దాకానే ఉంటుంది, అందుకే నల్లగా కనబడతాయి. ఆ క్షేత్రం మెలికలు పడి, తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు నిమిషాల్లో సౌరజ్వాల, అంటే పెద్ద పేలుడు లాంటి మెరుపు, లేస్తుంది. రోజుకోసారి చూసేవాళ్ళకి అది చిక్కదు.

ఎల్1 అంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఆదిత్య ఉన్న చోటు. అక్కడ రాత్రి లేదు, మబ్బు లేదు. 2006లో జపాన్ పంపిన హినోడే ఉపగ్రహం సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని గొప్పగా కొలిచింది, కానీ అది భూమి చుట్టూ తిరిగేది కాబట్టి ఏటా కొన్ని నెలలు భూమి అడ్డొస్తుంది. ఆదిత్యకి ఆ బాధ లేదు. పుణేలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ చేసిన, ఆదిత్య మీదున్న సూట్ టెలిస్కోప్ అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీస్తుంది. ఆ కాంతిలో చాలా భాగాన్ని ఓజోన్ పొర కిందికి రానివ్వదు. బెంగళూరులోని ఖగోళ సంస్థ ఐఐఏ చేసిన వీఈఎల్‌సీ అనే ఇంకో పరికరం బింబాన్ని కప్పేసి చుట్టూ ఉన్న కరోనాని, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని, చూస్తుంది. 1868 ఆగస్టు 18న ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు దాకా వచ్చింది గ్రహణం పట్టే ఆ కొద్ది నిమిషాల కోసమే. ఇప్పుడు ఆ కరోనాని మన పరికరం గ్రహణంతో పని లేకుండా చూస్తోందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఉపరితలం కంటే పైనున్న కరోనా 10 లక్షల డిగ్రీలు దాటి ఎందుకు వేడెక్కుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. తేలాలంటే ఇలా చూస్తూనే ఉండాలి.

దగ్గరికి వెళ్ళింది నాసా వాళ్ళ పార్కర్ వ్యోమనౌక. 2024 డిసెంబర్ 24న ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దాకా వెళ్ళింది. కానీ అంత వేడిలో సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టలేరు. అక్కడి కణాల్నీ క్షేత్రాన్నీ కొలుచుకుని దూసుకుపోతుంది. అది వేరే పని.

ఆదిత్యతో ఇంకో లాభం, సూర్యుడి నుంచి వచ్చే తుఫానుల గురించి హెచ్చరిక. సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి ఎగిరొచ్చే కణాల ధార, సెకనుకి 400 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎల్1 దాటాక భూమిని చేరడానికి గంటే పడుతుంది. గంటతో ఏమవుతుందని అనుకోకండి. 2018లో తిత్లీ తుఫాను చూసిన మా గజపతి జిల్లా వాళ్ళకి ముందస్తు కబురు విలువ బాగా తెలుసు. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్‌లో సౌర తుఫాను దెబ్బకి మొత్తం కరెంటు గ్రిడ్ రెండు నిమిషాల్లోపే కూలిపోయింది, సుమారు 9 గంటలు చీకటి. మీకు చెప్పిన మే నెల మచ్చల నుంచి వచ్చిన తుఫానుకి లద్దాఖ్‌లో హాన్లే ఆకాశం ఎర్రబడింది. ఆ సౌరగాలిని ఆదిత్య నమోదు చేసింది.

ఆదిత్య డేటా ఇస్రో వాళ్ళ ప్రదాన్ పోర్టల్‌లో ఉంటుంది, కానీ స్కూలు పిల్లలకి అది కష్టం. వాళ్ళకి సూర్యుణ్ణి చూసే నాసా ఉపగ్రహం ఎస్‌డీఓ రోజువారీ చిత్రాలు సులువు. మీరు గీసిన మచ్చల్ని అదే రోజు చిత్రంతో పోల్చండి. అట్ట మీద బింబం తారుమారుగా పడుతుంది కాబట్టి కాగితాన్ని తిప్పి చూసుకోవాలి.