ఎంఎస్ అన్నారు.. నాది ఏ రకం డాక్టర్?

ప్రశ్న: నా వయసు 31. రెండేళ్ల కిందట కుడి కన్ను నొప్పెట్టి చూపు మసకబారింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేశాక నెలలో తగ్గింది. మూడు వారాల కిందట ఎడమ కాలు మొద్దుబారింది. ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్), రిలాప్సింగ్-రెమిటింగ్ రకం అన్నారు. వేడినీళ్లతో స్నానం చేస్తే ఆ కన్ను ఇప్పటికీ కాసేపు మసకేస్తోంది. ఇది ఆగకుండా ముదిరే ‘ప్రోగ్రెసివ్’ రకమేమోనని భయంగా ఉంది. - ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఎమ్మారై మచ్చల్ని చూపిస్తుంది గానీ, రకాన్ని తేల్చేది మాత్రం ప్రధానంగా జబ్బు నడిచిన తీరే. అందుకే మీరు చెప్పిన తేదీలు నాకు రిపోర్టంత ముఖ్యం. ఒకసారి కన్ను, తగ్గడం, చాలాకాలం మామూలుగా ఉండటం, మళ్లీ కాలు... ఇది రిలాప్సింగ్-రెమిటింగ్, అంటే దాడి చేసి, తగ్గి, మళ్లీ వచ్చే తీరే. నూటికి 85 మందిలో జబ్బు ఇలాగే మొదలవుతుంది.

స్నానం సంగతికొస్తే, అది కొత్త దాడి కాదమ్మా. పాత దెబ్బ తగిలిన నరంలో ఒంటి వేడి పెరిగితే సంకేతాలు మందగిస్తాయి, చల్లబడితే సర్దుకుంటాయి. జ్వరమొచ్చినా, ఎండలో తిరిగినా ఇంతే. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటేనే దాడిగా లెక్క. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.

ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకం వేరు. నూటికి 10-15 మందిలో, ఎక్కువగా నలభై ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. సాధారణంగా దాడులేమీ ఉండవు. కాళ్లు బిగుసుకుపోతూ నడక మెల్లమెల్లగా తగ్గుతుంది. కనీసం ఏడాది పాటు అలా ముదిరితేనే ఆ పేరు పెడతాం. మీ కథలో అది కనిపించడం లేదు.

సెకండరీ ప్రోగ్రెసివ్ అంటే, మీలాంటి రకమే కొన్నేళ్ల తర్వాత దాడులతో సంబంధం లేకుండా ముదరడం. ఇది అందరికీ రాదు. ఫలానా రోజు మొదలైందని చెప్పలేం, వెనక్కి తిరిగి చూసుకుంటేనే తెలుస్తుంది. ‘కొత్తగా ఏమీ లేదండీ’ అని పేషెంట్ అంటుంటే, ‘పోయిన దసరాకి గుడి దాకా ఆగకుండా నడిచింది, ఇప్పుడు మధ్యలో రెండుసార్లు కూర్చుంటోంది’ అని పక్కనున్న భర్త చెబుతాడు. నాకు కావాల్సింది ఆ మాటే. అందుకే వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లను వెంట తెచ్చుకోండి.

ఇంకో ముఖ్య విషయం. కన్ను, వెన్నుపాము దెబ్బతినే ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా), మాగ్ (మాగ్ అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుట్టే జబ్బు) అచ్చం ఎంఎస్‌లాగే కనిపిస్తాయి. కొన్ని ఎంఎస్ మందులు ఎన్ఎంఓను ముదరబెడతాయి. ఆక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీల రక్తపరీక్షలు, విటమిన్ బి12 చేశారో లేదో మీ న్యూరాలజిస్ట్‌ను తప్పకుండా అడగండి.

ఎంఎస్ అని ఖాయమైతే దాడుల్ని తగ్గించే మందులు వెంటనే మొదలుపెట్టాలి. బాగున్నాను కదా అని మధ్యలో మానేయొద్దు. పిల్లల కోసం అనుకుంటుంటే ఆ మాట మందు ఎంచుకునే ముందే చెప్పండి.