కోనసీమ పాత ఇళ్ల సింహద్వారాలు అంత బరువుగా ఎందుకుంటాయి?

దేశదేశాల తలుపులు చూసివచ్చిన మీకు మండువా లోగిళ్ల తలుపులు నచ్చినందుకు సంతోషం. ఆ బరువు ముఖ్యంగా టేకుది. టేకులో సహజంగా ఉండే నూనె చెదను, డెల్టా చెమ్మను తట్టుకుంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి పండి రైతు చేతిలో డబ్బు ఆడింది. ఆ కలిమి సింహద్వారం మీదా కనిపించింది.

ఈసారి వెళితే తలుపు మూలన వంగి చూడండి. చాలా పాత తలుపులకు ఇనుప బందులు ఉండవు. రెక్కకే పైనా కిందా చెక్కిన గుండ్రటి కొనలు ద్వారబంధంలో తొలిచిన గుంటల్లో తిరుగుతాయి. బరువంతా మేకుల మీద కాక గడప మీద పడుతుంది కాబట్టే అంత పెద్ద రెక్క కూడా సులువుగా కదులుతుంది. వడ్రంగి తెలివంతా నాకు అక్కడే కనిపిస్తుంది. గజలక్ష్మి, లతలు చెక్కిన పై కమ్మీని ఎలాగూ చూస్తారు.

తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్‌లోని ఇత్తడి బొడిపెల తలుపుల్లోనూ మన దేశపు పనితనం ఉంది. పశ్చిమ తీరం నుంచి వెళ్లిన వర్తకుల ప్రభావమది.

ఇళ్లు పడగొట్టి తలుపులు విడిగా అమ్మేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కొనాలనుకుంటే ద్వారబంధంతో సహా కొనండి, అది లేకుండా ఆ రెక్క తిరగదు.