అల్లుడికి, ఫైబర్ బోటు నేల విప్పే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

ఈ వేట నిషేధంలో పాత ఫైబర్ బోటు నేల విప్పి, కింద దూలాలతో సహా నువ్వే కొత్తగా కట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఛాతీ పొంగింది. ఆ వెంటనే భయమూ వేసింది. చేతికి కటింగ్ మిషను రాగానే కుర్రాళ్లు ముందు ఏం చేస్తారో నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

నిషేధం జూన్ 14 దాకా ఉన్నా నీ గడువు మే నెలాఖరు అనుకో. వానలు పట్టుకుంటే చెక్క ఆరదు, తడి మీద రెజిను (ఫైబర్ పొరల్ని అతికే జిగురు) పట్టదు.

మోటారు, ట్యాంకు, వలలు దించెయ్యి. మంచినీళ్లతో ఉప్పంతా కడిగి ఆరబెట్టు. పాత నేల ఎత్తు ఎక్కడెక్కడ ఎంతుందో లోపలి గోడ మీద గీతలు పెట్టుకో.

ఇప్పుడు అసలు మాట. మన తీరంలో ఎప్పటినుంచో జరుగుతున్న తప్పు ఒకటుంది. బోటును ఇసుకలో అలాగే ఉంచి, నేలా దూలాలూ ఒక్క రోజులో కోసి పారేస్తారు. ఖాళీ అయిన పొట్ట చూసి పని సగం అయిపోయిందని సంబరపడతారు. పాత బోటు పొట్ట పలుచన, దాన్ని ఆకారంలో నిలబెట్టేవి ఆ దూలాలే. అవి పోగానే ఇసుక ఎత్తున్న చోట పొట్ట లోపలికి నొక్కుకుంటుంది, గుంట ఉన్న చోట కిందికి జారుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు కంటికి ఆనవు. ఆ వంకర మీదే కొత్త దూలాలు పెట్టి, రెజినులో తడిపిన గ్లాసు గుడ్డ వేస్తే ఆ వంకర ఇక శాశ్వతం. అమరం (వెనక కొస) దగ్గర పొట్ట లోపలికి నొక్కుకున్న బోటు వేగం అందుకోగానే అణియం (ముందు కొస) దించుకుంటుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. మెలి తిరిగిన బోటు ఒక పక్కకే లాగుతుంది. ఏటి మొగలో కెరటం వెనకనుంచి తరుముతున్నప్పుడు అణియం మునిగి బోటు అడ్డం తిరిగిందంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? నా భయమంతా ఇదే. కట్టుబడిలో మిగతా తప్పులేవైనా తర్వాత సరిచేసుకోవచ్చు.

కాబట్టి కోత మొదలుపెట్టకముందే గట్టి నేల మీద సరుగుడు దుంగలతో ఊయల కట్టు. నడుమ గీత కింద, రెండు పక్కలా పొట్ట మలుపు కింద, మూడేసి అడుగులకో ఆనింపు ఉండాలి. దుంగకీ ఫైబర్‌కీ మధ్య గోనెసంచుల మడతలు వెయ్యి. తాపీ మేస్త్రీల నీళ్ల గొట్టంతో రెండు అంచులూ ఒక మట్టానికి తే. అంచు నుంచి అంచుకి మూడు చోట్ల అడ్డ బద్దలు బిగిస్తే పక్కలు విచ్చుకోవు. అణియం నుంచి అమరం దాకా దారం లాగి, అర మీటరుకోసారి దారం నుంచి పొట్ట లోతు కొలిచి పుస్తకంలో రాసుకో. ఆ తర్వాత నేల తియ్యి. దూలాలు మాత్రం ఒక్కొక్కటే: ఒకటి తీసి, కొత్తది పెట్టి, గ్లాసు గట్టిపడ్డాక దారం కొలత మళ్లీ చూసుకుని రెండోదాని జోలికి వెళ్లు. ఆలస్యమవుతుందని మీ నాన్న గొణుగుతాడు. గొణగనీ.

తాతల నాటి కట్టు తెప్పకి ఈ బాధ లేదు. ఒడ్డుకి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవారు, నానిన దుంగ బరువు భుజానికే తెలిసేది. ఫైబర్ తన లోపలి నీటిని దాచేస్తుంది. నేల కింద పాత ఫోము పిండితే నీళ్లు కారుతున్నాయంటే అంతా తీసి పారెయ్యి, పైన పొడిగా ఉన్న ముక్కని చూసి మోసపోకు.

కొత్త దూలానికి, నేలకి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే కొను. నేలకి 12 మిల్లీమీటర్లు చాలు, కింద 40 సెంటీమీటర్లకో ఆధారం ఉంటే. అతుకు ఎప్పుడూ దూలం మీదే పడాలి. దూలం అంచు నేరుగా పొట్టని పొడవకూడదు. మధ్యలో 5 మిల్లీమీటర్ల రెజిను ముద్ద పరుపు ఉండాలి, లేకపోతే కెరటం కొట్టినప్పుడల్లా ఆ గీత వెంబడే పగులుతుంది. దూలం చివరని ఒక్కసారిగా ఆపకు, ఏటవాలుగా చెక్కు. మూలల్లో ముద్దతో గుండ్రం చెయ్యి, గ్లాసు గుడ్డ లంబకోణంలో మడత పడదు, కింద గాలి బుడగ ఉండిపోతుంది. నీళ్లు పోయే కన్నాలకి పీవీసీ గొట్టం ముక్కలు దించి చుట్టూ రెజినుతో మూసెయ్యి. చెక్క కుళ్లడం మొదలయ్యేది కోసిన అంచులోంచి, మేకు కన్నంలోంచి.

గ్లాసు అతికే చోటంతా 36 నంబరు డిస్కుతో మెరుపు పోయేదాకా గరుకు చేసి అసిటోనుతో తుడు. పాత ఫైబర్ మీద కొత్త పాలియెస్టరు రెజిను ఆ గరుకునే పట్టుకుంటుంది. 450 గ్రాముల మ్యాట్ (నెయ్యని పీచు గుడ్డ), 600 గ్రాముల రోవింగ్ (నేసిన గుడ్డ) మార్చి మార్చి వెయ్యి. ప్రతి పొర కిందిదానికన్నా రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ పరుచుకోవాలి. కిలో మ్యాట్‌కి రెండున్నర కిలోల రెజిను, కిలో రోవింగ్‌కి కిలో. చదరపు మీటరుకి రెండూ కలిపి కిలోముప్పావు పడుతుంది. ఒక్క పూటలో మూడు నాలుగు పొరలు మించితే వేడెక్కి పగుళ్లిస్తుంది.

మే ఎండలో రెజిను ఒకసారికి కిలోయే కలుపు, అదీ వెడల్పు బేసిన్లో. లోతు బకెట్లో పొగలొస్తుంది. రెజినుని గట్టిపరిచే క్యాటలిస్టు కిలోకి 10 గ్రాములు చాలు. తొందరగా గడ్డకడుతోందని అంతకన్నా తగ్గిస్తే ఎప్పటికీ గట్టిపడదు. తెల్లారి మంచు ఆరాక, సాయంత్రం ఎండ తగ్గాక చెయ్యి.

ఇది మాత్రం రెండుసార్లు చదువు: గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్టునీ క్యాటలిస్టునీ ఎప్పుడూ నేరుగా కలపకు, పేలుతుంది. ముందు కోబాల్టు రెజినులో పూర్తిగా కలిపాకే క్యాటలిస్టు. కొన్ని రెజిన్లలో కోబాల్టు ముందే ఉంటుంది, కొట్టువాణ్ణి అడుగు. రెండు సీసాలూ దూరదూరంగా ఉంచు. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు లేకుండా మూత తియ్యకు, పక్కన బిందెడు నీళ్లు పెట్టుకో, పడితే పావుగంట కడిగి ఆసుపత్రికి పరిగెత్తు. గ్రైండింగ్ దుమ్ముకి మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. చెల్లాయినీ పిల్లల్నీ ఆ దరిదాపులకి రానివ్వకు.

ఇవాళ ప్లైవుడ్డు కొనెయ్యకు. ముందు సుత్తితో దూలాల మీదా, మోటారు బిగించే అమరం పలక మీదా తట్టు, మొద్దు శబ్దం వచ్చిన చోట సన్నని కన్నం పెట్టు. పొట్టు తెల్లగా పొడిగా వచ్చిందా, నల్లగా ముద్దగా వచ్చిందా చూసి రాత్రికి ఫోన్ చెయ్యి. అమరం పలక కూడా పోయి ఉంటే షీట్ల లెక్క మారిపోతుంది, ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ మావయ్య